నాలుగేళ్ల బాబుకి సదరం (ప్రభుత్వ వైకల్య) సర్టిఫికెట్ ఇప్పుడే తీయించాలా? ఇంట్లో గొడవగా ఉంది

ఒంగోలు_అమ్మ
అందరికీ నమస్తే. మా బాబుకి నాలుగు నిండాయి. ఆటిజం, మోడరేట్ అని డాక్టర్ గారు రాసిచ్చారు. వారానికి మూడు స్పీచ్, మూడు ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) సెషన్లు. సెషన్‌కి 500 చొప్పున నెలకు 12,000 దాటుతోంది. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్‌లో పని చేస్తారు. జీతంలో సగానికి పైగా థెరపీకే పోతోంది, నా గాజులు బ్యాంకులో ఉన్నాయి. సదరం తీయిస్తే నెలకు పింఛను 6,000 వస్తుందని, ఇంకేవో స్కీములు కూడా ఉన్నాయని పక్కింటావిడ చెప్పింది. మా అత్తయ్య ససేమిరా అంటున్నారు. "మాటలు లేటైతే వాడు అవిటివాడైపోయాడా? గవర్నమెంటు కాగితం మీద నువ్వే ముద్ర వేయిస్తావా?" అని. మా ఆయన ఎటూ తేల్చరు. తీయించినవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

రామ్_నెల్లూరు
ఆగండి. నాలుగేళ్లు ఏం వయసండీ? మా అన్నయ్య కొడుక్కి మూడున్నరకి ఇదే మాట చెప్పారు. ఇప్పుడు వాడు ఆరో తరగతి, మామూలు స్కూల్లో అందరితో పాటు చదువుతున్నాడు. అప్పుడే సర్టిఫికెట్ తీయించి ఉంటే ఆ స్కూల్లో సీటిచ్చేవాళ్లా? యూడీఐడీ (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) నంబరు ఒకసారి వచ్చిందంటే జన్మంతా వెంటే ఉంటుంది. చదువు, ఉద్యోగం, వీసా, పెళ్లి అన్నిటికీ అడ్డమే. ఆరేళ్ల దాకా చూసి అప్పుడు ఆలోచించండి. నెలకు ఆరు వేల కోసం తొందరపడొద్దు.

భవిత_టీచర్
ప్రకాశం జిల్లాలోనే పని చేసే స్పెషల్ టీచర్‌ని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రామ్ గారూ, మీ అన్నయ్య గారి బాబు బాగుండటం సంతోషం. అయితే వాడు బాగుపడింది థెరపీ వల్ల, సర్టిఫికెట్ లేకపోవడం వల్ల కాదు. ఆ థెరపీకి మీ అన్నయ్య దగ్గర డబ్బుంది. ఈవిడ గాజులు కుదువపెట్టి కడుతున్నారు.

అమ్మా, ముందు సర్టిఫికెట్ అక్కర్లేని సాయం సంగతి చూడండి. దీనికి అత్తయ్య గారి ఒప్పుదల కూడా అవసరం లేదు. డీఈఐసీ అని, పిల్లల్లో ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించి చూసేవి, జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో నడిచే సెంటర్లు ఉన్నాయి. 2013లో వచ్చిన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద పుట్టిన పిల్లల నుంచి 18 ఏళ్ల వాళ్ల దాకా అక్కడ ఉచితంగా చూస్తారు. మండలాల్లో సమగ్ర శిక్ష (ప్రభుత్వ విద్యా పథకం) వాళ్లు ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ బోయినపల్లిలో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. అసెస్‌మెంటు, థెరపీ, తల్లిదండ్రులకు ట్రైనింగ్ చాలా తక్కువ ఫీజుతో చేస్తారు. దూరమే, కానీ ఇంట్లో చేయించాల్సినవి అక్కడ నేర్చుకుని వస్తే ప్రైవేటు సెషన్లు కొన్ని తగ్గించుకోవచ్చు. ఇవేవీ సదరం కోసం ఆగాల్సినవి కావు.

ఇక సర్టిఫికెట్ ఉంటేనే వచ్చేవి: పింఛను, నిరామయ ఇన్సూరెన్సు, ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వీటిలో చాలావాటికి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి.

ముద్ర మాటకొస్తే, ఆధార్ కార్డు మీద వైకల్యం సంగతి ఎక్కడా అచ్చు వేయరు. సర్టిఫికెట్ మీ బీరువాలో ఉంటుంది, ఎవరికి చూపించాలో మీ ఇష్టం. పరిస్థితి మారే అవకాశం ఉందనుకుంటే సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు గడువు పెట్టే ఇస్తుంది. రేపు బాబుకి అవసరం లేదనిపిస్తే రెన్యువల్‌కి వెళ్లకండి, అంతే.

రామ్_నెల్లూరు
టీచర్ గారూ, రూల్సు మీరు చెప్పినట్టే ఉండొచ్చు. బయట లోకం వేరు. మా కొలీగ్ కూతురికి ఒక ప్రైవేటు స్కూల్లో సీటు ఖాయమైంది. ఫీజు కట్టేటప్పుడు వాళ్లావిడ అమాయకంగా యూడీఐడీ జిరాక్సు ఇచ్చింది. మర్నాడు "మా దగ్గర ఫెసిలిటీస్ లేవు" అని ఫోన్ వచ్చింది. చట్టం పట్టుకుని ఎవరితో పోట్లాడతాం? ఒంగోలు అమ్మగారికి ఈ నిజం కూడా తెలియాలి.

మియాపూర్_నాన్న
మాది అసలు వేరే గొడవ. ఐటీ జాబ్, పింఛనుకి ఎలాగూ అర్హత లేదు. అందుకని చాలామంది మనలాంటివాళ్లు "మనకేం వస్తుందిలే" అని సర్టిఫికెట్ జోలికే పోరు. అది తప్పు. వైకల్యం ఉన్న బిడ్డను పోషించేవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఆదాయం నుంచి 75,000 మినహాయింపు ఉంది, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. థెరపీకి అంత ఖర్చు పెట్టామని బిల్లులతో నిరూపించక్కర్లేదు, ఖర్చు ఎంతైనా మినహాయింపు మొత్తం ఒకటే. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 15,600 మిగులుతుంది, 30 శాతంలో 23,400. అయితే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది. కొత్త విధానంలోకి మారితే పోయినట్టే. హోమ్ లోన్, పొదుపుల మినహాయింపులు అన్నీ కలిపి లెక్క వేసుకుని ఎంచుకోండి.

నిరామయకి ఆదాయ పరిమితి లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే పాలసీ ఇది. లక్ష వరకు కవరేజీ. మామూలు హెల్త్ పాలసీలు ఆస్పత్రిలో పడుకుంటేనే ఇస్తాయి కదా, ఇందులో అడ్మిట్ కాకుండా చేయించే థెరపీలకు కూడా ఉంటుంది. చేరేటప్పుడు బీపీఎల్ కుటుంబానికి 250, మిగతావాళ్లకు 500. ముందు మెడికల్ టెస్టులేమీ లేవు.

విశాఖ_సుధ
నిరామయ గురించి విని సంబరపడే ముందు ఇది చదవండి. ముందు మనం కట్టి, తర్వాత బిల్లులు పెట్టి తెప్పించుకోవాలి. చేతిలో డబ్బు లేనివాళ్లకు అక్కడే బ్రేకు. మా పాప వెళ్లిన థెరపీ సెంటర్ వాళ్లు తెల్ల కాగితం మీద "స్పీచ్ 8 సెషన్లు" అని రాసి గుండ్రటి స్టాంపు కొట్టి ఇచ్చేవారు. బిల్ నంబర్ లేదు, తారీకులు లేవు, థెరపిస్టు పేరు లేదు. క్లెయిమ్ వెనక్కి వచ్చింది. సరైన బిల్లు ఇవ్వమని అడిగితే "జీఎస్టీ పడుతుంది మేడమ్" అని నాకే పాఠం చెప్పారు! సెంటర్లో చేర్చే రోజే రెండు ప్రశ్నలు అడగండి: నంబరుతో ప్రింటెడ్ బిల్లు ఇస్తారా, థెరపిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా. రెండో ప్రశ్న క్లెయిమ్ కోసమే కాదు. మన పిల్లలతో పని చేసేది చదువుకున్నవాళ్లా, ఆర్నెల్లు పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నవాళ్లా అన్నది తెలియొద్దూ?

పల్లె_డాక్టర్
ఈ పింఛన్ల పద్ధతే నాకు నచ్చదు. కోపగించుకోకండి. ఆంధ్రలో 6,000, తెలంగాణలో 4,016 ప్రతి నెలా ఇంటికి వెళ్తున్నాయి. అవి పిల్లాడి థెరపీకే ఖర్చవుతున్నాయో, ఇంటి అప్పులకు పోతున్నాయో చూసేవాళ్లు లేరు. అదే డబ్బుతో మండలానికి ఒక స్పీచ్ థెరపిస్టుని పెడితే వందలమంది పిల్లలకు పనికొస్తుంది. నాలుగేళ్ల వయసులో బిడ్డకు కావాల్సింది థెరపీ. నగదు చేతికిస్తే సర్వీసు పెట్టాల్సిన బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పుకుంటుంది.

ఖమ్మం_లక్ష్మి
డాక్టర్ గారూ, మా ఇంటికి వచ్చే 4,016 ఎటు పోతుందో నేను చెప్తా. మా అబ్బాయికి పదకొండేళ్లు, ఆటిజంతో పాటు ఫిట్స్ కూడా. ఫిట్స్ మందులకు పదిహేను వందలు. డైపర్లు పెద్ద సైజువి, ప్యాకెట్టు రెండు వారాలు కూడా రాదు. బస్సులో అరుస్తాడని ఆటో మాట్లాడుకుని పోవాలి. వాడు పుట్టక ముందు నేను మిర్చి కోతకు పోయేదాన్ని. ఇప్పుడు వాడిని వదిలి ఇల్లు దాటలేను. నా కూలి ఏ లెక్కలో వేస్తారు? మండలానికి థెరపిస్టుని పెట్టండి, ఎవరు వద్దన్నారు? కానీ ఆ థెరపిస్టు వచ్చేదాకా ఈ డబ్బు ఆపాలా? ఇంటి అప్పులకు పోతుందేమో అంటున్నారు, ఆ అప్పు చేసింది ఎవరి కోసం?

పల్లె_డాక్టర్
లక్ష్మి గారూ, ఆపమని నేననలేదు. రెండూ కావాలి అనడంలో మీతో ఏకీభవిస్తాను. నా అభ్యంతరం ఇంకొకటి కూడా. శాతాన్ని బట్టి డబ్బు ఇచ్చే పద్ధతిలో బిడ్డ మెరుగుపడితే సాయం పోతుంది. ఆంధ్రలో 2025లో పింఛను తీసుకునేవాళ్ల సర్టిఫికెట్లు మళ్లీ పరిశీలించి చాలామందికి నోటీసులు ఇచ్చారు, తర్వాత అప్పీలుకి అవకాశం పెట్టారు. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే. కానీ థెరపీతో నాలుగు మాటలు నేర్చిన పిల్లాడు 40 శాతం లోపుకి వస్తే, ఆ నాలుగు మాటలు నిలబెట్టే థెరపీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

భవిత_టీచర్
ఈ మాట వందశాతం నిజం. నా దగ్గరికి వచ్చే తల్లుల అసలు భయం కూడా ఇదే. ఒకావిడ అడిగింది, "మేడమ్, బోర్డు ముందు వాడు పేరు చెప్పేస్తే పింఛను పోతుందా?" అని. బిడ్డ పేరు చెప్తే సంబరపడాల్సిన తల్లిని ఆ ప్రశ్న దాకా తెచ్చింది ఈ పద్ధతే.

డాలస్_వంశీ
బయటి నుంచి ఒక్క మాట. రామ్ గారు వీసా అన్నారు. మేం అమెరికా వచ్చేటప్పుడు డిపెండెంట్ వీసాకి సదరం గురించి ఎవరూ అడగలేదు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల హెల్త్ చెక్ ఉంటుంది, అక్కడ చూసేది అసలు డయాగ్నోసిస్‌ని. సర్టిఫికెట్ తీయించకపోయినంత మాత్రాన అది దాగదు. ఇక్కడ అంతా ఉచితం అనుకోకండి. మూడేళ్లు నిండితే పబ్లిక్ స్కూల్లో చదువుకి అవసరమైన థెరపీ ఫ్రీ, అది చట్టం. కానీ టెక్సాస్‌లో మెడికెయిడ్ వేవర్లకి (ఇంటి దగ్గరే అందే ప్రభుత్వ సంరక్షణ సాయం) వెయిటింగ్ లిస్టు ఏళ్లకేళ్లు. అందుకే ఇక్కడి మనవాళ్లు డయాగ్నోసిస్ వచ్చిన వారమే పేరు రాయించేస్తారు. పని పడినప్పుడు చూద్దాంలే అంటే ఆ వరస చివర్లో నిలబడాలి.

ఒంగోలు_అమ్మ
ఇంత మంది రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. లక్ష్మి గారి పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. "స్లాట్ బుక్ చెయ్యి, అమ్మతో నేను మాట్లాడతాను" అన్నారు. టీచర్ గారూ, బోర్డు దగ్గర ఏం అడుగుతారు? బాబుని ఏమైనా ప్రిపేర్ చేయాలా? అక్కడ ఏడిస్తే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

భవిత_టీచర్
బాబుని ప్రిపేర్ చేయకండి, మీరు ప్రిపేర్ అవ్వండి. ఆటిజానికి ఇసా అనే స్కేలు వాడతారు, సికింద్రాబాద్ సంస్థ తయారుచేసిందే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఇందులో మార్కులు ఎక్కువ వస్తే సమస్య ఎక్కువని. కళ్లలోకి చూస్తాడా, పిలిస్తే పలుకుతాడా, ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తాడా, ఇలాంటివి. చాలా భాగం తల్లిదండ్రులు చెప్పేదాన్ని బట్టే ఉంటుంది, మనవాళ్లు పొరపాటు చేసేదీ అక్కడే. "భోజనం తనే తింటాడా అమ్మా?" అంటే వెంటనే "అన్నీ చేసుకుంటాడండి, చాలా తెలివైనవాడు" అంటారు. ఇంట్లో మూడు గంటలు వెంటపడి ఫోన్ చూపించి తినిపిస్తున్న సంగతి చెప్పరు. బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి నోరు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పెంచొద్దు, తగ్గించొద్దు. ఇంట్లో గుండ్రంగా తిరగడం, చెవులు మూసుకోవడం, రాత్రి నిద్ర లేకపోవడం ఇవన్నీ ఫోన్‌లో వీడియోలు తీసి పెట్టుకోండి. డాక్టర్ రిపోర్టు, థెరపీ సెంటర్ ప్రోగ్రెస్ నోట్స్ తీసుకెళ్లండి. ఏడిస్తే ఏడవనివ్వండి, వాళ్లు రోజూ చూసేదే.

స్లాటు మీ గ్రామ, వార్డు సచివాలయంలో బుక్ చేస్తారు. అక్కడే పింఛను అర్హత కూడా కనుక్కోండి. కుటుంబ ఆదాయం, కరెంటు 300 యూనిట్లు, నాలుగు చక్రాల బండి ఇవన్నీ చూస్తారు. మీ ఆయన జీతం స్లిప్పుతో వస్తుంటే పింఛను రాకపోవచ్చు కూడా. ఆరు వేలు ఖాయమనుకుని ముందే ఖర్చులు రాసుకోకండి. నిరామయకి మాత్రం ఆ అడ్డు లేదు.

రామ్_నెల్లూరు
సరే, తీయించుకోండి. కానీ స్కూల్ అప్లికేషన్‌లో మాత్రం రాయకండి అనే చెప్తాను ఇప్పటికీ.

భవిత_టీచర్
ఎల్‌కేజీకి మీ మాట నడుస్తుందేమో రామ్ గారూ. పదో తరగతిలో సీబీఎస్‌ఈ పరీక్షకి అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కావాలంటే సర్టిఫికెట్ అడుగుతారు, అప్పుడు స్కూలే పంపాలి. అప్పటిదాకా దాచి హఠాత్తుగా బయటపెడితే ఆ పిల్లాడి తరఫున ఎవరు నిలబడతారు? "ఫెసిలిటీస్ లేవు" అనే స్కూలు మొదటి రోజే తెలిసిపోతే ఇంకో స్కూలు వెతుక్కునే టైమైనా ఉంటుంది.

రామ్_నెల్లూరు
ఆ ఇంకో స్కూలు మా నెల్లూరులో ఎక్కడుందో తెలిస్తే చెప్పండి టీచర్ గారూ. మా కొలీగ్ ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.