పేజ్‌మేకర్, అను ఫాంట్లు లినక్స్‌లో నడుస్తాయా?

కృష్ణాతీరం: మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఒక స్థానిక మాసపత్రిక. అన్నీ పేజ్‌మేకర్ 7లో (పేజీలు కూర్చే ప్రోగ్రామ్), అను తెలుగు ఫాంట్లతోనే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. మా సిస్టమ్ పాతది, విండోస్ 11 ఎక్కదు. దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్‌కు మారదామంటే పాత ఫైళ్లు ఏమవుతాయోనని టెన్షన్. ఎవరైనా చేసి చూశారా?

ఓరుగల్లు లినక్స్: ముందు వైన్ పెట్టి చూడండి అన్నా. 1993లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్ ప్రోగ్రామ్ అడిగే పనులను లినక్స్ చేత చేయిస్తుంది, విండోస్ కొనక్కర్లేదు. కమాండ్లు ఇబ్బందనిపిస్తే వైన్‌ను నడిపే బాటిల్స్ అనే ప్రోగ్రామ్ వాడండి, అంతా మౌస్‌తోనే అయిపోతుంది. ఏ ప్రోగ్రామ్ ఎంతవరకు నడుస్తుందో వాడినవాళ్లు వైన్ వెబ్‌సైట్‌లోని యాప్‌డీబీలో రాసిపెట్టారు.

అక్షర డీటీపీ: పేజ్‌మేకర్ తెరుచుకుంటే సరిపోదండీ. అను స్క్రిప్ట్ మేనేజర్ వెనకాల నడుస్తూ మనం కొట్టే మీటలను తెలుగు అక్షరాలుగా మార్చాలి. చిక్కొస్తే అక్కడే వస్తుంది. అందుకే పాత ఫైళ్ల కోసం నేను వర్చువల్‌బాక్స్‌లో పాత విండోస్ ఉంచుకున్నా, అంటే లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా అది నడుస్తుంది. దానికి నెట్ పూర్తిగా తీసేశా, ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో ఇటూ అటూ వెళ్తాయి. ఆ విండోస్‌కు లైసెన్సు మాత్రం ఉండాల్సిందే.

గోదారిగట్టు: పాతవాటికి అది సరే. కొత్త పని కూడా అనులోనే ఎందుకండీ? అను అక్షరాలు యూనికోడ్ (ఏ ఫాంట్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే పద్ధతి) కావు. ఫాంట్ మార్చి చూడండి, "శుభలేఖ" ఉన్నచోట అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్ లేనిచోట మన ఫైలు చదవలేం. ఇన్నేళ్ల మన పని ఒక్క ఫాంట్‌కు కట్టుబడి ఉండటం నాకైతే బాధగా ఉంటుంది.

కొత్త పనికి పేజ్‌మేకర్ లాంటి స్క్రైబస్ 1.6 వాడి చూడండి. ఉచితం, ఒత్తులు సరిగ్గా పడతాయి. "జ్యోత్స్న", "స్వాతంత్ర్యం" టైప్ చేసి చూస్తే మీకే తెలుస్తుంది. ప్రెస్సుకు సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల) పీడీఎఫ్ ఇస్తుంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. అయితే అనులో ఉన్నన్ని రకాల శీర్షిక ఫాంట్లు ఇక్కడ ఇంకా లేవు, పెళ్లి పత్రికలకు ఆ లోటు తెలుస్తుంది.

కృష్ణాతీరం: మా అబ్బాయిలకు అనులోని యాపిల్ కీబోర్డే (తెలుగు మీటల అమరిక) అలవాటు. మళ్లీ నేర్చుకోవాలా?

ఓరుగల్లు లినక్స్: అక్కర్లేదన్నా. లినక్స్‌లో తెలుగు టైపింగ్‌కు వాడే ఐబస్‌కు ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే తెలుగు యాపిల్ లేఅవుట్ వస్తుంది. కొన్ని మీటలు తేడాగా ఉండొచ్చు, చూసుకోండి.

అక్షర డీటీపీ: పాత మేటర్‌ను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చాక ప్రూఫ్ తప్పనిసరి. ఒత్తులు, అంకెలు ఒక్కోసారి తారుమారవుతాయి. చి.ల.సౌ. పక్కన పేరు, ముహూర్తం టైము మరీ జాగ్రత్తగా చూడండి.

కృష్ణాతీరం: అయితే మాసపత్రిక వచ్చే సంచిక స్క్రైబస్‌లో చేస్తాం. పెళ్లి పత్రికలు ప్రస్తుతానికి వర్చువల్‌బాక్స్‌లోనే. 4 జీబీ ర్యామ్ సరిపోతుందా?

అక్షర డీటీపీ: ఇరుకే. 8 చేయించండి.