పెట్టిన గుడ్డును కోడిపెట్టే తాగేస్తోంది, ఎలా మాన్పించాలి?

మావి నాటుకోళ్లు, 6 పెట్టలు, ఒక పుంజు. పది రోజులుగా ఎర్రపెట్ట పొద్దున 8, 9 మధ్య గంపలో గుడ్డు పెట్టి, లేచి నిలబడి దాన్నే పొడిచి తాగేస్తోంది. నేను వెళ్లేసరికి తడిసిన గడ్డి, దాని ముక్కుకు అంటిన పచ్చసొన తప్ప ఏమీ ఉండదు.

పెంకు పల్చగా ఉందేమోనని వారం నుంచి దాణాలో నత్తగుల్లల పొడి కలుపుతున్నా. గంపకు గోనెపట్టా కప్పి చీకటి చేశా. ఖాళీ పెంకులో కారం ముద్ద కూరి పెడితే అదీ లాగించేసింది! కోళ్లకు కారం మంట తెలియదట, తర్వాత తెలిసింది. నిన్నటి నుంచి రెండో పెట్ట కూడా మొదలెట్టింది, అదే టెన్షన్.

ఇంట్లో కూరకు కోసేద్దామంటున్నారు. ఇంకా ఏడాది కూడా నిండని పెట్ట. కోయకుండా ఈ అలవాటు మాన్పించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏం చేశారో చెప్తారా?