ఉప్పు నిబంధన: చెడిపోదనా, కలిసి తిన్నామనా?

గోదారిగట్టు
బైబిలు పాత నిబంధనలోని "ఉప్పు నిబంధన" మీద ఆదివారం భోజనాల దగ్గర మొదలైన వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. మా బావగారిది ఒకటే మాట: ఉప్పు చెడిపోదు, కనుక చెడని ఒప్పందానికి ఆ పేరు పెట్టారు. నాకు అది మింగుడు పడలేదు.

ఆ మాట వచ్చేది మూడే చోట్ల. లేవీయకాండం 2:13 నైవేద్యంలో ఉప్పు తప్పనిసరి చేస్తూ, దాన్ని దేవుని నిబంధన ఉప్పు అంటుంది. సంఖ్యాకాండం 18:19లో యాజకుల (పూజారుల) మూలపురుషుడైన అహరోను వంశానికి, దినవృత్తాంతములు రెండో గ్రంథం 13:5లో దావీదు రాజు వంశానికి దేవుడిచ్చినది ఉప్పు నిబంధన. ఉప్పే ఎందుకన్నది మూడింటిలో ఏ ఒక్కటీ చెప్పదు.

సంఖ్యాకాండం 18 మొదటి నుంచి చదివి చూడండి. యాజకులకు భూమిలో వాటా లేదు. బలుల్లో ఏ భాగం వారిది, దాన్ని ఎక్కడ తినాలి, ఇంట్లో ఎవరెవరు తినవచ్చు, అన్నీ తిండి లెక్కలే. ఆ లెక్కల మధ్య వస్తుంది ఉప్పు. అంటే దేవుడి పంక్తిలో తిన్నవాడు దేవుడికి కట్టుబడినవాడు. ఎజ్రా 4:14లో రెహూము, షిమ్షయి అనే అధికారులు పర్షియా రాజుకు రాసిన ఉత్తరంలోనూ ఇదే: మేము రాజనగరు ఉప్పు తినేవాళ్ళం, రాజుకు నష్టం జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేం. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని మనమూ అంటాం కదా. దీనికి వ్యాఖ్యానం కావాలా?

పాతపలక
నేను మీ బావగారి వైపు. మీరు 2:13 చూపించారు, రెండు వచనాలు పైకి వెళ్ళలేదు. 2:11లో పులిసినదీ తేనే హోమంలో వేయకూడదని ఉంది. ఒకటి పొంగి మారిపోతుంది, రెండోదీ పులుస్తుంది. మారేవాటిని తోసేసి, మారకుండా కాపాడేదాన్ని రమ్మన్నారు. ఇంకేం కావాలి?

పైగా దినవృత్తాంతాల్లో మీ భోజనం ఎక్కడుంది? దావీదు వంశపు యూదా రాజు అబీయా సెమరాయిము కొండ మీద నిలబడి, ఇశ్రాయేలు రాజు యరొబాము సైన్యాన్ని చూసి అరుస్తున్నాడు. రాజ్యం ఎల్లప్పుడూ దావీదు కొడుకులదేనంటున్నాడు. అక్కడ బల్లా లేదు, పళ్ళెమూ లేదు. ఉన్నదల్లా "ఎల్లప్పుడూ" అన్న మాటే.

నౌపడమడి
ఉప్పు మడుల పక్కన పెరిగినదాన్ని, ఒక మాట చెప్పనివ్వండి. ఉప్పు శాశ్వతమని అనేవాళ్ళు దాన్ని సీసాలోనే చూసి ఉంటారు. మా తాతయ్య కుప్ప పోసి తాటాకులు కప్పి, మబ్బు పట్టినప్పుడల్లా రాత్రి లేచి వెళ్ళేవాడు. ఒకసారి అకాల వానకు తెల్లారేసరికి కుప్ప సగానికి దిగిపోయింది. మడి గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఉప్పు ఇతరులను కాపాడుతుందేమో గాని, దాన్ని కాపాడటానికి ఒక మనిషి కాపలా ఉండాలి.

పాతపలక
అమ్మా, వానకు కరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ బలిపీఠం మీద ఉండేది నిప్పు. దిష్టి తీసి నిప్పుల్లో వేసిన ఉప్పును చూసే ఉంటారు, చిటపటలాడుతుంది గాని కాలిపోదు.

రాతిరాత
ఇద్దరూ తీపి ఉప్పే చూస్తున్నారు! ఒప్పందమన్నాక తప్పితే శిక్ష కూడా ఉంటుంది. సిరియాలో అలెప్పో దగ్గర సెఫీరెలో దొరికిన అరామిక్ ఒప్పంద శాసనాలు క్రీ.పూ. 8వ శతాబ్దానివి. అర్పదు రాజు మతీయేలు మాట తప్పితే, ఆ నేలలో హదదు దేవుడు ఉప్పు విత్తాలని వాటిలో శాపం. న్యాయాధిపతులు 9:45లో అబీమెలెకు షెకెము పట్టణాన్ని పడగొట్టి ఉప్పు చల్లాడు. ద్వితీయోపదేశకాండం 29లో నిబంధన విడిచినవారి దేశం గంధకం, ఉప్పుతో మాడిపోతుంది. పక్కనే ఉప్పు సముద్రం (మృత సముద్రం) పెట్టుకుని బతికినవాళ్ళకు, ఏమీ మొలవని నేల ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా?

గోదారిగట్టు
షెకెము కథలో ఒప్పందం ఊసే లేదండీ, అది కసి. ద్వితీయోపదేశం మాట మాత్రం కాదనలేను. అయితే అహరోనుకు వరమిచ్చే చోట శాపాన్ని ఎందుకు గుర్తుచేస్తారు?

కొలపాత్ర
అర్థాల సంగతి మీరు చూసుకోండి, నేను సరుకు సంగతి చెబుతాను. సిరియాను ఏలిన గ్రీకు రాజు మూడో ఆంటియోకస్ యెరూషలేము ఆలయానికి ఇప్పించినవాటిలో ఉప్పు 375 మెదిమ్నోసులని చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ఏథెన్సు కొలత ప్రకారం ఒక్కొక్కటి 50 లీటర్ల పైమాటే. ఆలయంలో ఉప్పుకు ప్రత్యేకంగా ఒక గది ఉండేదని, బలి పశువుల తోళ్ళకూ ఉప్పు పట్టించేవారని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా చెబుతుంది. ఇంకొకటి నాకు మరీ ఇష్టం: బలిపీఠం ఎక్కే వాలు మీద యాజకులు జారిపడకుండా, పని చేయకూడని విశ్రాంతి దినాన కూడా ఉప్పు చల్లవచ్చని అందులోనే ఉంది. మీ ముగ్గురి సిద్ధాంతాలూ ఆ యాజకుల పాదాల కిందే ఉన్నాయి.

గోదారిగట్టు
నవ్వించారు. మీ సరుకు లెక్క పట్టుకుని ఎజ్రా మళ్ళీ తీశాను. 7:22లో పర్షియా రాజు ఆలయానికి ఇవ్వాల్సినవి ఉన్నాయి: వెండి 100 తలాంతులు, గోధుమలు 100 కొలలు, ద్రాక్షారసం, నూనె ఒక్కొక్కటి 100. అన్నిటికీ హద్దుంది, ఉప్పుకు లేదు. ఎంత కావాలంటే అంత.

రాజు పేరు రెండు చోట్లా అర్తహషస్తే. 4వ అధ్యాయంలో రెహూము ఆయన ఉప్పు తిన్నానని చెప్పి యెరూషలేము గోడలు ఆపించాడు. 7వ అధ్యాయంలో అదే పేరుగల రాజు ఉప్పు యెరూషలేము బలిపీఠం మీదికి ఎక్కుతోంది. మరి అక్కడి యాజకులు తిన్నది ఎవరి ఉప్పు? ఇది బావగారికి పంపాను. చదివినట్టు గుర్తు వచ్చింది, జవాబు రాలేదు.

నౌపడమడి
రాజుది ఎలా అవుతుంది? పండించినవాళ్ళు వేరే ఉంటారు కదా.