రాత్రి ఏడు దాటాక ఆఫీసు గ్రూపు చూడాలా, వద్దా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం): మా ఆవిడ ఏఎన్ఎం, అంటే ఊరి నర్సు. పగలంతా ఊళ్లు తిరిగొస్తే, రాత్రి తొమ్మిదికి గ్రూపులో మెసేజ్, "ఈరోజు లెక్క వెంటనే పెట్టండి" అని. నిన్న పాపకి అన్నం కలిపిన చేత్తోనే, చిటికెన వేలితో ఫోన్ తెరిచింది. పని అయ్యేసరికి ముద్ద ఎండిపోయింది, పాప నిద్రపోయింది. పని వేళ దాటాక ఫోన్ పట్టించుకోని హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టంలోనే ఉంది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లో దీని మీద ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టినా చట్టం కాలేదు. ఏడు దాటితే గ్రూపు మూసేయాలంటాను.

పలాస జీడితోట: మూసేస్తే ఎలాగండీ? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా మీద పడ్డాక ఫోన్లు పనిచెయ్యలేదు. మా చెల్లికి నొప్పులొస్తే ఎవర్ని పిలవాలో తెలీక ఏడ్చాం. ఆరోగ్యం వాళ్ల ఫోన్ మోగాల్సిందే.

నాగావళి ఒడ్డు: తుఫాను రోజూ రాదు కదా. నేనన్నది రోజువారీ లెక్కల గురించి.

పలాస జీడితోట: ఏది అత్యవసరమో ఎవరు తేల్చాలి? అది చెప్పండి ముందు.

బొబ్బిలి మాస్టారు: మా బడి గ్రూపు ఎనిమిదికి మూసేస్తున్నాం. ఏడు మరీ తొందర.

భావనపాడు తీరం: మా ఆయన గుజరాత్‌లో వెరావల్ బోటు మీద పని. వేటకెళ్తే రోజుల తరబడి సిగ్నలుండదు. ఒడ్డుకొచ్చి వీడియో కాల్ చేస్తే చిన్నోడు స్క్రీన్‌కి ముద్దులు పెడతాడు. పని చోట ఫోన్ ఉండబట్టే మాకు సంసారం.

పలాస జీడితోట: నాగావళి గారూ, మీ బాధ మెసేజ్ గురించా, వేళకి వంట అవట్లేదనా?

నాగావళి ఒడ్డు: మాట జాగ్రత్త! నాకూ కొట్టు ఉంది, రాత్రి పది దాకా ఫోన్ మోగుతుంది. ఎవరి మీదైనా అరిచానా?

ఆమదాలవలస అక్క: మీది మోగితే వ్యాపారం, ఆవిడది మోగితే ఇల్లు పాడైపోయినట్టా అన్నా? నేను అంగన్‌వాడీ టీచర్ని. పగలు నెట్ అందక పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు రాత్రి డాబా ఎక్కి పెడతాను. మా ఆయన ఆ ఫోన్ని తిడతాడు గానీ, ఆ పది నిమిషాలు పిల్లాణ్ణి ఎత్తుకోడు. నిన్న మీ పాపకి ఆ ముద్ద మీరెందుకు పెట్టలేదు?

నాగావళి ఒడ్డు (మర్నాడు): పక్కనే కూర్చుని కొట్టు బాకీలు చూసుకుంటున్నాను. పెట్టాలని తోచనే లేదు. తప్పు నాదే. అయినా తొమ్మిదికి ఆ మెసేజ్ పెట్టడం కూడా తప్పే, ఆ మాట వదలను.

పలాస జీడితోట: అత్యవసరం ఎవరు తేల్చాలో ఇంకా చెప్పలేదు మీరు.