రెండో భాషలో మాట్లాడేటప్పుడు కావాలని ఆగడం మంచిదేనా?

భాషాభ్యాసి:

రోజూ ఇంగ్లీషులో మాట్లాడవలసిన ఉద్యోగం నాది. కిందటి నెల ఒక సమావేశంలో పావుగంట సేపు మాట్లాడి కూర్చున్న తరువాత మా పై అధికారి నన్ను పక్కకు పిలిచి, "మీరు మాటిమాటికీ ఆగిపోతున్నారు, వినేవారికి మీకు విషయం తెలియదేమో అనిపిస్తుంది, ఆగకుండా చెప్పడం అలవాటు చేసుకోండి" అన్నారు. అదే ప్రసంగం రికార్డింగును నాకు శిక్షణ ఇస్తున్న ఉపాధ్యాయురాలికి వినిపిస్తే, "గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నారు, కాస్త ఆగి ఆగి చెప్పండి, స్పష్టత దానంతట అదే వస్తుంది" అన్నారు. ఇద్దరూ నా మేలు కోరే చెప్పారు. అయితే ఒకే మనిషి ఒకే ప్రసంగంలో అతిగా ఆగడం, అసలు ఆగకపోవడం రెండూ ఎలా చేయగలడో నాకు అర్థం కాలేదు. నేను ఆగడం నేర్చుకోవాలా, మానుకోవాలా? అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మాటవరస:

మీ పై అధికారి మాటే సరైనదని నా అభిప్రాయం. టాన్యా స్టైవర్స్, ఆమె సహపరిశోధకులు పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రశ్న ముగియడానికీ జవాబు మొదలవడానికీ మధ్య వ్యవధి సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే ఉన్నట్లు తేలింది. మనుషులు అంత వేగంగా మాట అందిపుచ్చుకుంటున్నప్పుడు, రెండో భాషలో మాట్లాడే వ్యక్తి స్పష్టత కోసమని వాక్యం నడుమ నిండా ఒక సెకను మౌనంగా ఉంటే, ఎదుటివారు ఆ వాక్యం అయిపోయిందనుకుని తమ మాట మొదలుపెడతారు. చెప్పదలచుకున్నది సగంలోనే ఉండిపోతుంది. ఈ అవమానం నాకు చాలాసార్లు జరిగింది కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పైగా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా ఊరికే ఆగరు. చిన్న ఆలస్యానికి 'అ' అనీ, పెద్ద ఆలస్యానికి 'అమ్' అనీ శబ్దం చేసి, ఇంకా చెప్పవలసింది ఉందని సూచిస్తారని హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ 2002లో వాదించారు. మౌనం కంటే ఆ చిన్న శబ్దమే మనకు రక్ష.

దుబాసి:

భాషాభ్యాసి గారూ, ఇద్దరి మాటల్లోనూ నిజం ఉందని నేను అనుకుంటున్నాను. ఎన్నిసార్లు ఆగారన్నది వారిద్దరూ గమనించారు, ఎక్కడ ఆగారన్నది చెప్పలేదు. ఒకరి మాటను మరొకరికి రెండో భాషలో అందించడమే వృత్తిగా ఉన్న నాకు, వినేవారి ముఖాల్లో ఈ తేడా ప్రతిరోజూ కనిపిస్తుంది.

'ఐ వెంట్ టు ద బ్యాంక్' అనే చిన్న వాక్యాన్నే తీసుకోండి. 'ఐ వెంట్' అని ఒక క్షణం ఆగి 'టు ద బ్యాంక్' అంటే, ఆ విరామంలో వినేవారు విన్నంతవరకు సర్దుకుంటారు. 'ఐ వెంట్ టు ద' అని ఆగి 'బ్యాంక్' అంటే, ఆగింది అంతే సేపైనా, వినేవారు మనతోపాటు ఆ మాట కోసం వెతకడం మొదలుపెడతారు, కొందరు తామే అందించబోతారు కూడా. మనం తడుముకుంటున్నామని వారికి తెలిసిపోయేది అక్కడే.

ఈ రెండో రకం విరామం తెలుగువారికి ఎందుకు ఎక్కువగా వస్తుందో చాలాకాలం ఆలోచించాను. తెలుగులో 'బ్యాంకుకి' అన్నప్పుడు నామవాచకం ముందు, విభక్తి వెనుక ఉంటాయి. చోటు పేరు నోట పలికిన తరువాతే 'కి' పెట్టాలా, 'లో' పెట్టాలా, 'నుంచి' పెట్టాలా అని తేల్చుకుంటే సరిపోతుంది. ఇంగ్లీషులో ఆ వరస తిరగబడి, 'టు ద' అనే సులువైన ముక్కలు ముందుగా నోటికి వచ్చేస్తాయి, అసలు మాట ఇంకా తట్టి ఉండదు. నాలుక 'ద' దగ్గర నిలబడిపోతుంది. సమావేశాల్లో నేను విన్న తడబాట్లలో ఎన్నో ఈ ఒక్కచోటే జరిగాయి.

ఇంకొక అలవాటు కూడా మనవెంట వస్తుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక, ఆలోచించుకునేటప్పుడు ఆ చివరి అచ్చును 'నేనూ... నిన్నా... అక్కడికీ...' అని సాగదీస్తే చాలు, నోరు మూసుకోవలసిన పనే ఉండదు. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటకు అదే అలవాటు అంటుకుంటే 'వెంట్' కాస్తా 'వెంటూ' అవుతుంది, వినేవారు దానిని 'వెంట్ టు' అనుకుని చోటు పేరు కోసం ఎదురుచూస్తారు. మీరు చెప్పబోయింది 'వెంట్ హోమ్' అయితే వారు వెనక్కి వెళ్లి వాక్యాన్ని మళ్లీ కట్టుకోవాలి. ఇలాంటి చోట శబ్దం కంటే మౌనమే శుభ్రంగా ఉంటుంది, మాటవరస గారు నన్ను మన్నించాలి.

వేగం తగ్గించడం, విరామం ఇవ్వడం ఒకటి కాదు. ఐలీన్ బ్లావ్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకుంటున్న శ్రోతలకు, పాఠాన్ని నెమ్మదిగా వినిపించడం కంటే పదబంధాల సరిహద్దుల్లో విరామాలు చేర్చి వినిపించడమే ఎక్కువ ఉపకరించింది. శ్రోత కూడా రెండో భాషలోనే వింటున్న సమావేశాల్లో దీని విలువ నేను కళ్లారా చూశాను.

ఎంతసేపు ఆగాలన్న బెంగ అక్కరలేదు. విరామాల పరిశోధనకు పునాది వేసిన ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్ సెకనులో పావు వంతుకు, అంటే 250 మిల్లీసెకన్లకు, తక్కువైన నిశ్శబ్దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే 'ప', 'ట' వంటి హల్లులు పలకడానికి నోట్లో గాలిని క్షణం ఆపినప్పుడు కూడా చిన్నపాటి నిశ్శబ్దం ఏర్పడుతుంది. సరైన చోట అయితే అంతకు కొంచెం ఎక్కువ ఆగినా వినేవారికి సరిపోతుంది.

మాటవరస:

దుబాసి గారి వివరణ బాగుంది, కానీ రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, సంభాషణల విశ్లేషణకు ఆద్యులలో ఒకరైన ఇమాన్యుయేల్ షెగ్లోఫ్ 1996లో చూపించినదాని ప్రకారం, మాతృభాషలో మాట్లాడేవారు కూడా 'టు' వంటి మాట పలికి, దాని తరువాత రావలసిన మాటకు ముందు ఆగుతారు. వాక్యం పూర్తికాలేదని అందరికీ తెలిసే చోటు అది కనుక అక్కడ ఎవరూ అడ్డు రారు. మీరు తప్పన్న చోటే సంభాషణలో కొన్నిసార్లు పట్టుగొమ్మ అవుతోంది. రెండవది, తడుముకోవడం మన చేతిలో ఉందా? విల్లెమ్ లెవెల్ట్ 1989లో వివరించిన నమూనాలో భావం ఏర్పడటం, దానికి మాటలు కూర్చడం, నోట పలకడం వేరువేరు దశలు. మాతృభాషలో రెండో దశ దాదాపు అప్రయత్నంగా సాగిపోతుంది, రెండో భాషలో అది మన దృష్టినంతా లాగేసుకుంటుంది. మాట దొరకక ఆగిపోయిన మనిషిని 'ఇక్కడ కాదు, అక్కడ ఆగు' అంటే ఏం లాభం?

ఉపన్యాసకురాలు:

ఇద్దరి వాదనలూ మా తరగతిలో నేను రోజూ చూసేవే కనుక కలగజేసుకుంటున్నాను.

'ఆగి ఆగి మాట్లాడండి' అన్న సలహాను నేను కూడా చాలా ఏళ్లు ఇచ్చాను, దాని ఫలితం చూసి బాధపడ్డాను. 'ద రిపోర్ట్ విల్' అని ఆగి, 'బి రెడీ బై' అని ఆగి, 'మండే మార్నింగ్' అని ముగించిన విద్యార్థిని ఇప్పటికీ మరచిపోలేదు. మూడు మాటలకు ఒకసారి ఆగమని ఎవరో చెప్పారట, అక్షరాలా అదే చేసింది. 'ద రిపోర్ట్' ఒక ముక్క, 'విల్ బి రెడీ' ఒక ముక్క, 'బై మండే మార్నింగ్' ఒక ముక్క అని చూపించగానే, వేగం ఏమీ మార్చకుండానే అదే వాక్యం తేటపడింది.

మాట చేజారిపోతుందన్న మాటవరస గారి భయం నిజమైనదే, కానీ దానికి మౌనం ఒక్కటే కారణం కాదు. చెప్పే విషయం ఇంకా ఉండగానే గొంతు దించి ఆగితే, ముగించారని అనుకుంటారు. గొంతును దించకుండా అదే స్థాయిలో నిలిపి ఆగితే, వినేవారు ఎక్కువగా ఎదురుచూస్తారు. మావాళ్లు 'బికాజ్' అన్న తరువాత కూడా గొంతు దించి నీళ్లు నముల్తారు, నేను ముందుగా సరిదిద్దేది అదే.

మన చేతిలో ఉందా అన్న ప్రశ్నకు, అప్పటికప్పుడు లేదనే చెబుతాను, అభ్యాసంతో వస్తుంది. పాల్ నేషన్ 1989లో రాసిన వ్యాసం ద్వారా చాలామంది ఉపాధ్యాయులకు తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. ఒకే విషయాన్ని ఒకరికి 4 నిమిషాల్లో, మరొకరికి 3 నిమిషాల్లో, ఇంకొకరికి 2 నిమిషాల్లో చెప్పాలి. మూడోసారికి ఆ మాటల కోసం వెతకవలసిన పని చాలావరకు తీరిపోతుంది, అప్పుడు విరామం ఎక్కడ పెట్టాలో ఎంచుకునే తీరిక దొరుకుతుంది. మాటలు చేతికి అందకముందే విరామాలు నేర్పబోవడం నా పాత పొరపాటు.

భాషాభ్యాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివిన తరువాత ఆ రికార్డింగును కాగితం, కలం దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నాను, ఆగిన ప్రతిచోటా గీత గీశాను. గీతలు ఎక్కువగా 'ఆఫ్ ద', 'ఫర్ ద' తరువాతే పడ్డాయి, మా అధికారి విన్నది వాటినే. ఒక వాక్యం ముగిసి మరొకటి మొదలయ్యే చోట మాత్రం దాదాపు ఒక్క గీత కూడా లేదు. ఎవరైనా మధ్యలో అందుకుంటారేమోనని అక్కడ పరుగెత్తుకుంటూ దాటేశాను, మా ఉపాధ్యాయురాలు విన్నది ఆ పరుగునే. ఆగవలసిన చోట ఆగక, ఆగకూడని చోట ఆగానన్నమాట.

ఒక్క సందేహం మిగిలింది. సిద్ధం చేసుకున్న ప్రసంగానికి ఈ అభ్యాసం సరిపోతుంది. ఎవరైనా హఠాత్తుగా ప్రశ్న అడిగితే ఏం చేయాలి?

దుబాసి:

నోరు తెరవకముందే ఆగండి. జవాబులో ముఖ్యమైన నామవాచకం ఏదో తట్టిన తరువాతే 'ద' పలకండి. ఆ కాస్త వ్యవధి ఆలోచిస్తున్నట్లు కనిపిస్తుంది. ఇంకా సమయం కావాలంటే ప్రశ్నలోని మాటలనే తిరిగి చెప్పి మొదలుపెట్టండి, అవి వెతకకుండా దొరికే మాటలు.

మాటవరస:

ప్రసంగాల విషయంలో, ఎదురెదురుగా కూర్చున్న సమావేశాల విషయంలో నేను ఒప్పుకుంటున్నాను. ఫోనులో మాత్రం నా మాట మార్చుకోను. అక్కడ ఆలోచిస్తున్న ముఖం అవతలివారికి కనిపించదు, మౌనం కొంచెం సాగగానే 'హలో, వినిపిస్తోందా' అని అడుగుతారు. దుబాసి గారు చెప్పిన ఆ మొదటి విరామానికి ముందు, ఫోనులోనైనా, ఒక చిన్న 'వెల్' ఉండనివ్వండి.