డ్రగ్ టెస్టులో ఫెయిలైన లారీ డ్రైవర్‌కి మళ్లీ బండి ఇవ్వొచ్చా?

ఆటోనగర్_ఓనర్ (విజయవాడ):
అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో మాకు మూడు లారీలున్నాయి. గుంటూరు యార్డు నుంచి మిర్చి వేస్తాం, రిటర్న్‌లో ఏ లోడు దొరికితే అది. పోయిన వారం ఒక కంపెనీ గోడౌన్ గేటు దగ్గర డ్రైవర్లందరికీ యూరిన్ టెస్ట్ పెట్టారు. మా సీనియర్ డ్రైవర్‌కి గంజాయి పాజిటివ్ వచ్చింది. లోపలికి రానివ్వలేదు, లోడు ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రానికి అతని ఫోటో, లైసెన్స్ నంబరు ట్రాన్స్‌పోర్ట్ వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగాయి. ఇప్పుడు అతనికి బండి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోవట్లేదు.

అడిగితే దాచలేదు. ఇంటి దగ్గరున్నప్పుడు అప్పుడప్పుడు కాలుస్తాడట, స్టీరింగ్ పట్టుకుని మాత్రం ఎప్పుడూ లేదన్నాడు. వయసు యాభైకి దగ్గర పడింది, వేరే పని రాదు. నాకు ఉంచుకోవాలనే ఉంది. కానీ నా నమ్మకం కోసం రోడ్డు మీద జనాన్ని పణంగా పెట్టలేను కదా. ఏం చేయమంటారు?

మంగళగిరి_అక్క:
తీసెయ్యండి. మా తమ్ముడు హైవే మీద బైక్ పక్కకి ఆపి ఫోన్ మాట్లాడుతుంటే లారీ వచ్చి గుద్దింది. డ్రైవర్ మత్తులో ఉన్నాడని తర్వాత తేలింది. "బండి మీద ఉన్నప్పుడు ముట్టుకోడు" అని ఆ ఓనర్ కూడా అన్నాడు. మీరు ఇక్కడ కూర్చుంటారు, అతను అర్ధరాత్రి ఒంగోలు దాటాక ఏం చేస్తున్నాడో మీకెలా తెలుస్తుంది? పని పోతే ఇంకో పని వెతుక్కోవచ్చు. మా అమ్మకి కొడుకుని ఎవరు వెతికిస్తారు?

ల్యాబ్_టెక్ (గుంటూరు):
అక్కా, మీ బాధకి సమాధానం చెప్పేంతవాణ్ణి కాను. టెస్ట్ గురించి నాకు తెలిసింది మాత్రం చెబుతాను. గేటు దగ్గర వాడేది స్ట్రిప్. అది స్క్రీనింగ్ మాత్రమే. పాజిటివ్ వస్తే అదే శాంపిల్‌ని ల్యాబ్‌లో జీసీ-ఎంఎస్ లాంటి కచ్చితమైన పద్ధతితో మళ్లీ చూసి నిర్ధారించాలి. చాలాచోట్ల ఆ రెండో మెట్టు ఎక్కరు.

యూరిన్‌లో గంజాయి పాజిటివ్ అంటే ఆ మనిషి ఈమధ్య వాడాడని అర్థం, ఆ క్షణంలో మత్తులో ఉన్నాడని కాదు. ఒక్కసారి కాల్చినవాడికి కొన్ని రోజుల్లో పోతుంది. రోజూ కాల్చేవాడికి మానేశాక కూడా వారాల తరబడి కనిపిస్తుంది. అంటే మీ డ్రైవర్ మాట నిజమో కాదో ఈ స్ట్రిప్ తేల్చలేదు. అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు.

ఇంకోటి. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా ఓపియేట్ (నల్లమందు రకం) స్ట్రిప్ పాజిటివ్ చూపిస్తుంది. మన కోడి కూరలో వేసే గసగసాలు ఎక్కువైనా చూపించవచ్చు. ఈ గసగసాల గొడవకే అమెరికాలో 1998లో పాజిటివ్ అనే పరిమితిని మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. ఈ డ్రైవర్ తానే ఒప్పుకున్నాడు కాబట్టి అతని విషయంలో ఈ సందేహం లేదు. కానీ రేపు ఇంకో డ్రైవర్ దగ్గు మందు వల్ల ఫెయిలైతే, అతని ఫోటో కూడా ఇలాగే తిప్పుతారా?

ట్రాన్స్‌పోర్ట్_బాబాయ్ (గొల్లపూడి):
నేనైతే ఇవ్వను. డ్రైవర్ మత్తులో ఉండగా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది, కోర్టు చుట్టూ తిరిగేది మనం. ఆ మీదట బండిలో సరుకు దొరికిందనుకోండి, ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం కింద లారీనే జప్తు చేస్తారు. నాకు తెలియకుండా జరిగిందని నిరూపించుకోవాల్సింది ఓనరే. మూడు బండ్ల మీద బతికేవాడు ఒక బండి పోగొట్టుకుంటే ఏమవుతాడు?

అడ్వకేట్_గుంటూరు:
చట్టం సంగతి చెబుతాను, ఇక్కడ రెండు మూడు విషయాలు కలిసిపోతున్నాయి. మద్యానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185లో ఒక లెక్క ఉంది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. డ్రగ్స్‌కి అలాంటి అంకె లేదు. వాహనాన్ని అదుపులో పెట్టుకోలేనంత మత్తులో నడిపితే నేరం. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. గేటు దగ్గర స్ట్రిప్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన సెక్షన్ 185 కేసు కాదు.

లైసెన్స్ రద్దు వేరే విషయం. సెక్షన్ 19 ప్రకారం డ్రగ్స్‌కి అలవాటు పడిన వ్యసనపరుడని తేలితే లైసెన్సింగ్ అధికారి అనర్హత వేయవచ్చు. అయితే అతని మాట వినాలి, కారణాలు రాయాలి. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అంటే ప్రభుత్వ అధికారి కూడా మనిషిని పిలిచి అడగకుండా లైసెన్స్ తీసెయ్యలేడు. వాట్సాప్ గ్రూపు మాత్రం ఒక్క సాయంత్రంలో, ఏ విచారణా లేకుండా, ఏ అప్పీలూ లేకుండా బతుకుతెరువు తీసేసింది. నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే.

గంజాయి వాడకం మాత్రం నేరమే, ఎన్‌డీపీఎస్ సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. అదే చట్టంలో 64ఎ కూడా ఉంది. కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి బయటపడవచ్చు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది.

హెవీ_డ్రైవర్ (ఇబ్రహీంపట్నం):
నేను డ్రైవర్‌నే, ఓనర్‌ని కాదు. ఒక్క విషయం ఎవరూ అడగట్లేదు. డ్రైవర్ ఇవి ఎందుకు వాడతాడు? సీజన్‌లో మిర్చి టిక్కీలు ఎక్కించాక "ఎల్లుండి పొద్దున్నకి అన్‌లోడ్ కావాలి" అంటారు. రెండో డ్రైవర్‌ని పెట్టరు, బత్తా మిగులుతుందని. నార్త్ సైడ్ ధాబాల దగ్గర నిద్ర రాకుండా డోడా (గసగసాల కాయ పొట్టు) నమిలేవాళ్లని చూశాను. మనవాళ్లు ఒళ్లు నొప్పులకి ట్రమడాల్ మింగుతారు, అది 2018 నుంచి ఎన్‌డీపీఎస్‌లోకి వచ్చిందని సగం మందికి తెలియదు. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం 1961 నుంచి, 2025లో లేబర్ కోడ్‌లు వచ్చేదాకా ఉంది. రోజుకి 8 గంటలు, దూర ప్రయాణమైతే అనుమతితో 10 గంటలు అనేది. ఐదుగురు కార్మికులు ఉంటేనే అది వర్తించేది. మూడు లారీల ఓనర్ దగ్గర ఎవరడుగుతారు?

తీసేసిన డ్రైవర్ ఎక్కడికి పోతాడో కూడా నేను చెబుతాను. ఇక్కడ ఫోటో తిరిగితే రాజమండ్రి పోతాడు, లేదా ఒడిశా బోర్డర్‌లో ఎవరి బండో ఎక్కుతాడు. అక్కడ టెస్టూ లేదు, అడిగేవాడూ లేడు. అదే మనిషి, అదే అలవాటు, ఇంకా తక్కువ జీతం, ఇంకా పాత బండి. మంగళగిరి అక్కా, తీసేస్తే రోడ్డు మీద ప్రమాదం తగ్గలేదు. మన కళ్ల ముందు నుంచి పక్కకి జరిగింది, అంతే.

టెక్సస్_ట్రక్ (సొంతూరు తెనాలి):
నేను ఇక్కడ ట్రక్ నడుపుతాను. ఇక్కడ కఠినంగా ఉంటుంది, కానీ ఒక పద్ధతి ఉంది. ల్యాబ్‌లో నిర్ధారణ అయ్యాక కూడా కంపెనీకి చెప్పేముందు ఒక డాక్టర్ డ్రైవర్‌కి ఫోన్ చేసి ఏం మందులు వాడుతున్నావని అడుగుతాడు. శాంపిల్ రెండు సీసాల్లో తీస్తారు. 72 గంటల్లో అడిగితే రెండోది వేరే ల్యాబ్‌కి పంపిస్తారు. ఫెయిలైతే వెంటనే స్టీరింగ్ ఆపేయాలి. టెస్ట్‌కి నిరాకరించినా ఫెయిలైనట్టే. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధం అన్నా వినరు.

2020 జనవరి నుంచి దేశమంతటికీ ఒకే రికార్డు ఉంది, క్లియరింగ్‌హౌస్ అంటారు. కొత్త కంపెనీ అది చూడకుండా డ్రైవర్‌ని పెట్టుకోకూడదు. 2024 నవంబర్ 18 నుంచి టెస్ట్ ఫెయిలై నడపకూడదన్న నిషేధంలో ఉన్నవాళ్ల కమర్షియల్ లైసెన్స్‌నే రాష్ట్రం దించేస్తోంది. కాబట్టి హెవీ డ్రైవర్ అన్న చెప్పినట్టు పక్క ఊరు పారిపోవడం కుదరదు. కానీ తిరిగొచ్చే దారి కూడా రాసిపెట్టారు: నిపుణుడి దగ్గర మదింపు, అతను చెప్పిన చికిత్స, మళ్లీ నెగటివ్ టెస్ట్, ఆ తర్వాత మొదటి 12 నెలల్లో చెప్పాపెట్టకుండా కనీసం 6 టెస్టులు. అవసరమైతే ఐదేళ్ల దాకా పొడిగిస్తారు. చాలామంది ఇవన్నీ చేయలేక వృత్తే వదిలేస్తారు, నిజమే. వచ్చినవాళ్లని మాత్రం కంపెనీలు మళ్లీ తీసుకుంటున్నాయి.

మంగళగిరి_అక్క:
అదంతా అక్కడ. ఇక్కడ ఆ 6 టెస్టులు ఎవరు చేయిస్తారు? రికార్డు ఎవరు చూస్తారు? తిరిగొచ్చే దారి మాత్రం తెచ్చుకుని, కాపలా అక్కడే వదిలేస్తే మళ్లీ మా లాంటి ఇళ్ల మీదే పడుతుంది. పక్క ఊరు పోతాడన్న మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. మీరు ఉంచుకుంటానంటే ఆ టెస్టులు మీ డబ్బుతో చేయించండి. ఒక్కటి ఫెయిలైనా మళ్లీ ఇక్కడికొచ్చి అడగొద్దు.

ఆటోనగర్_ఓనర్:
అక్కా, ఒప్పుకుంటున్నాను. ఈ రోజు అతనితో, వాళ్లావిడతో కూర్చుని మాట్లాడాం. ఇప్పుడైతే స్టీరింగ్ ఇవ్వట్లేదు. యార్డులో లోడింగ్ చూసుకుంటాడు, జీతం నేనిస్తాను, ట్రిప్ బత్తా ఉండదు. 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్‌కి వాళ్లావిడే ఫోన్ చేసింది, కౌన్సెలింగ్‌కి వెళ్తున్నారు. డాక్టర్ సరేనని రాసిచ్చాక, ల్యాబ్ రిపోర్ట్ నెగటివ్ వచ్చాకే బండి. ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఎప్పుడంటే అప్పుడు టెస్ట్, ఖర్చు నాది. కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. రాత్రి ట్రిప్పులకి రెండో డ్రైవర్‌ని పెడుతున్నాను, అతనికే కాదు, మూడు బండ్లకీ. కిరాయిలో మిగిలేది తగ్గుతుంది, తగ్గనివ్వండి.

లాయర్ గారూ, ఆ ఫోటో తీసేయమని గ్రూపు అడ్మిన్లకి రాతపూర్వకంగా ఎలా అడగాలో చెప్పగలరా? ఇద్దరు తీసేశారు, మిగతావాళ్లు పలకట్లేదు.

అడ్వకేట్_గుంటూరు:
నాకు మెసేజ్ పెట్టండి, నోటీసు నేనే రాసిస్తాను. ఫీజు వద్దు.