సాగర్ నుంచి శ్రీశైలం లాంచీ ఇప్పుడు నడుస్తుందా?

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలతో నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీలో వెళ్దామని ప్లాన్. నీళ్లు బాగా తగ్గాయంటున్నారు, తిప్పుతారా?

జవాబు 1: కష్టమే అండీ. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, దానికి దగ్గర్లో ఉంటేనే పైన శ్రీశైలం దాకా లాంచీకి లోతు దొరుకుతుంది, నీళ్లు దిగేకొద్దీ నల్లమల లోయలో బండలు బయటపడతాయి, శ్రీశైలం డ్యామ్ కింద లాంచీ ఆగే లింగాలగట్టు దగ్గరైతే మరీనూ.

జవాబు 2: ఈలోగా సాగర్ నీళ్ల మధ్య దీవి నాగార్జునకొండ లాంచీలో చూసి రండి, దూరం తక్కువ. కానీ శుక్రవారం మ్యూజియం సెలవు. పైగా మట్టం తగ్గితే లాంచీ దాకా ఎక్కువ మెట్లు దిగాలి, పెద్దవాళ్లతో జాగ్రత్త, కింది మెట్లకు పాచి, బురద ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్. అయితే దసరాకి మారుస్తా, గేట్లు ఎత్తితే ఇంకా బాగుంటుంది.

జవాబు 1: గేట్లు ఎత్తేంత వరద ఉంటే ప్రవాహానికి భయపడి మళ్లీ లాంచీలు ఆపేస్తారు సార్ :) బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.